రోజా లేని రోజులు

నవంబర్ 7, 2002

రంజాన్ ఉపవాసాల్లో మొదటి రోజా. తెల్లవారకముందే తినే సహర్‌కు లేచి రొట్టెలు చేశాను. నా మొగుడు జమీల్ నిద్రమొహంతో రెండు తిన్నాడు. మామ నాలుగు తిన్నాడు. పొద్దంతా దూదేకే మిషన్ దగ్గర నిలబడే మనిషికి నాలుగు రొట్టెలు ఒక లెక్క కాదు. అత్త పోయాక ఈ ఇంట్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. కూరలో ఉప్పు తక్కువైనా నాదే తప్పు, వీధిలోకి నీళ్ల ట్యాంకరు రాకపోయినా నాదే తప్పు.

ట్యాంకరు ఈ రోజు కూడా రాలేదు.

కడుపు బరువుగా ఉంది. సహర్‌లో తిన్నది అరగలేదేమో.

నవంబర్ 9

పక్కింటి పెద్దక్క చింతకాయ తొక్కు తెచ్చింది. గిన్నె నా చేతికిస్తూ కడుపు వైపు చూసి, "ఏమ్మే రమీజా, మాకు చెప్పకుండానే నెలలు నింపుకుంటాండావా?" అంది.

నవ్వాను. కాదని చెప్పలేదు. నెలనెలా ఒళ్లంతా పిండేసినట్టు పోతుంటే నెలలు నింపుకోవడం ఎక్కడిది? అయినా పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఒకరు నా కడుపు చూసి సంతోషపడుతుంటే కాదని చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుతాను. తొక్కు మాత్రం బాగా కుదిరింది, రాత్రి అన్నంలో రెండుసార్లు వేసుకున్నాను.

నవంబర్ 11

వచ్చింది. ఈ నెల మరీ ఎక్కువ.

ఇక అది ఆగేదాకా నాకు రోజా లేదు, నెలసరిలో ఉపవాసం ఉండకూడదు. జమీల్‌కు తెలుసు. మామకు తెలియకూడదు. పెళ్లయిన కొత్తలో అత్త నన్ను వంటింట్లో కూర్చోబెట్టి నేర్పిన మొదటి పాఠం ఇదే. ఆ రోజుల్లో కూడా మగవాళ్లతో పాటు సహర్‌కు లేవాలి, పగలు నోరు ఎండినట్టు కనిపించాలి, సాయంత్రం వాళ్లతో పాటు ఖర్జూరం నోట్లో వేసుకోవాలి. తినేది వంటింట్లో, చప్పుడు కాకుండా. "మామ ముందర బయట పడితే సిగ్గుతో చస్తావు" అని చెప్పింది. ఆమె చచ్చిపోయేదాకా బయట పడలేదు.

బియ్యం డబ్బా వెనక రస్కుల ప్యాకెట్ పెట్టుకున్నాను. రస్కు కొరికితే ఎంత చప్పుడో! నీళ్లలో ముంచి తింటున్నాను.

నవంబర్ 12

మామకు దగ్గు పట్టుకుంది. పొద్దున వంటింటి గడప దాకా వచ్చి ఒకటే దగ్గు. నేను రస్కు డబ్బా వెనక్కు తోసి, మూతి తుడుచుకుని బయటికి వచ్చాను. చెంబు నీళ్లడిగి చేతులు కడుక్కుని పోయాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు, మళ్లీ దగ్గాడు. దూదేకే మనిషికి దగ్గు కొత్త కాదు కానీ ఇంతగా ఎప్పుడూ లేదు. రాత్రి మిరియాల కషాయం కాచి ఇచ్చాను. మొహం అదోలా పెట్టి తాగాడు.

నవంబర్ 13

పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. జమీల్ పరుపులు వేసుకుని హిందూపురం పోయాడు. మామే ఆటో పిలిచి లక్ష్మీపతి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. గది బయట కూర్చోమంటే కూర్చోలేదు. "మా పాప ఒగత్తే యాడ చెప్పుకుంటాది సార్" అని నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

డాక్టర్ స్కానింగ్ తీయించి చూశాడు.

"గర్భసంచి గోడలో గడ్డ ఉండాదమ్మా. ఎండాకాలంలో చూసినప్పుడు నిమ్మకాయంత ఉన్నింది. ఇప్పుడు చీనీకాయంత అయింది. ఇట్లాంటి గడ్డలు శానామంది ఆడోళ్లకు ఉంటాయి, వాటితో ఏం కాదు. కానీ ఇంత తొందరగా పెరిగిందంటే అది మంచి గడ్డనో చెడ్డ గడ్డనో తెలుసుకోవాల. రక్తంలో ఒగ పరీక్ష ఉండాది, బెంగుళూరుకు పంపిస్తా."

నర్సు సూది తీసుకుని వచ్చింది. డాక్టర్ కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "నెలసరి ఎప్పుడైంది?"

మామ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నా చెవులు కాలిపోయాయి.

"అయిపోయింది సార్. రోజా ఉన్నాను" అన్నాను.

"ఒగపొద్దులో రక్తం ఇస్తాండావు, పైలంగా పడుకో" అని డాక్టర్ నవ్వాడు. మామ నవ్వలేదు.

నవంబర్ 14

నిన్న చెప్పింది పెద్ద అబద్ధమేమీ కాదు. సూది గుచ్చితే చేతిలోంచి వచ్చే రక్తం వేరు, ఈ రక్తం వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.

నవంబర్ 15

సంబంధం లేదు.

మామకు దగ్గు తగ్గలేదు. వంటింటి దగ్గరికి వస్తేనే వస్తుంది. తాలింపు ఘాటు పడటం లేదేమో. కషాయంలో మిరియాలు ఇంకా కాసిని దంచి వేశాను.

నవంబర్ 18

తలకు నీళ్లు పోసుకున్నాను. రోజా మొదలుపెట్టాను. మామ దగ్గు కూడా పూర్తిగా పోయింది. మిరియాలు దంచి దంచి చేతులు మండినందుకు ఫలితం దక్కింది. మెడికల్ షాపు వాడు ఇచ్చే ఎర్ర మందు ఇంత బాగా పని చేస్తుందా? ఎవరైనా అడిగితే నా కషాయం పాళ్లు చెబుతాను.

నవంబర్ 19

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

రక్తం రిపోర్టు వచ్చింది. ఈసారి జమీల్ కూడా వచ్చాడు. సీఏ నూటా ఇరవై ఐదు అని ఒక పరీక్ష. మామూలుగా ముప్పై ఐదు దాటకూడదట. నాకు రెండు వందల పది ఉంది. డాక్టర్ కాగితం తిప్పి మాకు చూపించాడు, మేం చదవగలిగినట్టు.

"నెలసరిలో ఉన్నింటే కొంచెం పెరుగుతాదిలే అనుకుందును. అదీ కాదు. గడ్డ చూస్తే తొందరగా పెరుగుతాండాది, రక్తం చూస్తే ఇట్లుండాది. క్యాన్సర్ అని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. బెంగుళూరు పెద్దాసుపత్రికి రాసిస్తా, పోయి చూపించుకోండి. వాళ్లు గర్భసంచి, అండాశయాలు మొత్తం తీసేస్తారేమో. నీ వయసెంత?"

"ముప్పై ఒకటి."

"పిల్లోళ్లు?"

జమీల్ కాగితం అందుకుని మడవడం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చాక జమీల్ నా పక్కన కూర్చుని, "తీయించుకుందాం రమీజా. నాకు నువ్వు బతికితే చాలు" అన్నాడు. మంచి మాటే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "నీకు చాలు. నాకు చాలొద్దా?" అని అరిచాను. వాడు లేచి పోయి మిషన్ ఆన్ చేశాడు. ఆ మోతలో ఏడిస్తే ఎవరికీ వినిపించదు. వాడు కూడా ఏడ్చి ఉంటాడు.

నెలసరి సంగతి డాక్టర్ అననే లేదు. అన్నాడు కానీ కొంచెం అన్నాడు. కొంచెం అంటే ముప్పై ఐదు నలభై అవుతుందేమో. రెండు వందల పది అవుతుందా?

నవంబర్ 20

పెద్దక్కకు చెప్పేశాను. కడుపు కాదు, గడ్డ అని. గిన్నె కడిగి ఇచ్చాను.

నవంబర్ 22

మా నాయన నన్ను చూడటానికి వచ్చాడు. బోరు ఎండిపోయి పోయినేడు మా చీనీ బత్తాయి తోట కొట్టేసినప్పటి నుంచి నాయన చేతుల్లో ఏ పనీ లేదు. ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

తోట కొట్టే ముందు నాయన ఒక్కొక్క చెట్టు దగ్గరికి పోయి గోటితో బెరడు గీకి చూసేవాడు. లోపల పచ్చగా కనిపిస్తే, "ఇది ఇంకా బతికే ఉండాది, దీన్ని ముట్టుకోవద్దండి" అని కూలీలకు చెప్పేవాడు. అట్లా మిగిల్చిన చెట్లు ఇప్పటికీ నాలుగైదు ఉన్నాయి. నా లోపలి గడ్డను గీకి చూసేదెవరు? రక్తం గీకి చూశారు, చెడ్డదన్నారు. నాకు బిడ్డ కావాలి. ఈ మాట రాయడానికి తొమ్మిదేళ్లు సిగ్గుపడ్డాను. ఊళ్లో వాళ్లకు కావాలి, జమీల్‌కు కావాలి, నాకేం లేదులే అన్నట్టు తిరిగాను. నాకే కావాలి.

నవంబర్ 24

రేపు తెల్లవారుజామున బెంగుళూరు బస్సు. జమీల్ వస్తానన్నాడు, మామ వద్దన్నాడు. "నీకు కన్నడం రాదు. ఆడ ఏం చెప్పినారో ఏం అర్థమైందో! వయసులో ఉన్నప్పుడు నేను బెంగుళూరు వీధులన్నీ దూదేకుతా తిరిగినోన్ని. నేను పోతా" అన్నాడు.

పడుకునే ముందు జమీల్‌కు రక్తం ఇచ్చిన రోజు సంగతి చెప్పబోయాను. ఆ రోజు వాడు ఊళ్లో లేడు, తేదీ పట్టించుకుని ఉండడు. పండుగకు ఇవ్వాల్సిన పరుపు కుడుతూ దబ్బనం వేలికి గుచ్చుకుని, చొక్కాకు తుడుచుకుంటున్నాడు. చెప్పలేదు. చెబితే వాడు వాళ్ల నాయనకు చెప్పాలి కదా. వాడు మాత్రం ఎట్లా చెబుతాడు?

నవంబర్ 26

నిన్నటిదంతా ఈ రోజు రాస్తున్నాను. ఒక్క మాట పోకూడదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కన్నడం మనిషి. నెరిసిన జుట్టు, చిన్న గొంతు. నా కడుపు నొక్కి చూసింది. స్కానింగ్ చూసింది. రక్తం రిపోర్టు దగ్గర ఆగి, తేదీ చూసి, నా వైపు తిరిగి ఏదో అడిగింది. అందులో ఒక్క మాట నాకు అర్థమైంది. ముట్టు. ఆ మాట వాళ్లకూ మాకూ ఒకటే.

మామ నాకు దాన్ని తెలుగులో చెప్పాలి. మామ గొంతు సవరించుకున్నాడు. రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా, "రక్తం ఇచ్చిన పొద్దు ఒంట్లో బాగుండిందా అని అడుగుతాండాదిమ్మా" అన్నాడు.

నేను నేల చూస్తూ, "బాగుంది. రోజా ఉన్నాను" అన్నాను.

మామ డాక్టరమ్మ వైపు తిరిగి, "ఇల్లవంతె" అన్నాడు. లేదంట.

ఇద్దరం కలిసి అంత తేలిగ్గా అబద్ధం చెప్పేశాం. డాక్టరమ్మ తల ఊపి, కాగితం మీద రాస్తూ మామకు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. క్యాన్సర్ అనే మాట వినిపించింది. మళ్లీ ముట్టు అనే మాట వినిపించింది. చేయి పైకెత్తి, ఇంత, ఇంత అని పెరిగినట్టు చూపించింది. తర్వాత పెన్నుతో కాగితం మీద ఒక గర్భసంచి బొమ్మ గీసి, దాని చుట్టూ గుండ్రంగా ఒక గీత గీసింది. ఆ గీత నాకు ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేదు. మొత్తం అని.

నాకప్పుడు తెలిసిపోయింది. ఆమె ఎందుకు అడిగిందో, నేను ఏం పోగొట్టుకుంటున్నానో మొత్తం తెలిసిపోయింది. నోరు తెరవాలి. తెరుచుకోలేదు. తల్లీ, నేను ఆ రోజు బయట ఉన్నాను అని ఒక్క మాట. పక్కన మామ మోకాలు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. గర్భసంచి పోయినా సరే, ఆ మాట మాత్రం రాదన్నట్టు నాలుక అతుక్కుపోయింది. నాకు నా మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

కుర్చీ చప్పుడైంది. మామ లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల నూర్ అహమ్మద్, మసీదులో ముందు వరుసలో నిలబడే మనిషి, చేతులు రెండూ జోడించి డాక్టరమ్మకు కన్నడంలో ఏదో చెప్పాడు. ఆమె రాయడం ఆపింది. అప్పుడు మామ అదే మాట, నాకు కూడా తెలియాలని, తెలుగులో చెప్పాడు.

"ఆ వారం నా కోడలు రోజా లేదమ్మా. నాకు తెలుసు. మీరు అడిగింది ఒగటి, నేను పాపకు చెప్పింది ఒగటి. అబద్ధం నాది. దాన్ని కోయొద్దండి."

నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. డాక్టరమ్మ మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కాగితం చించేసి కొత్త కాగితం తీసింది. మామ ఆమె చెప్పినవన్నీ ఈసారి ఒక్క మాట కూడా మింగకుండా నాకు చెప్పాడు. ముట్టు రోజుల్లో, అందులోనూ ఇట్లాంటి గడ్డ ఉన్నవాళ్లకు, ఆ లెక్క దానంతటదే రెండు మూడింతలు అవుతుందట. అప్పుడు తీసిన రక్తాన్ని నమ్మకూడదట. ఈ రోజు మళ్లీ తీస్తారట, ఇంకో పరీక్ష కూడా కలిపి చేస్తారట. తగ్గినంత మాత్రాన మంచి గడ్డ అని చెప్పడానికి లేదు, రక్తం ఒక్కటే ఎప్పుడూ పూర్తిగా చెప్పదు. కానీ తగ్గితే గడ్డ వరకే తీసి చూడొచ్చు. ముట్టు అనే మాట మామ నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో. మొదటిసారి చెమటలు పట్టాయి, తర్వాత తర్వాత కూలీ రేటు చెప్పినట్టు చెప్పాడు.

తిరుగు బస్సు బాగేపల్లి దాటింది. పొద్దు గూకింది. మామ జేబులోంచి ఖర్జూరాలు తీసి ఒకటి నాకిచ్చాడు, ఒకటి తను నోట్లో వేసుకున్నాడు.

"మామా, నీకెట్ల తెలుసు?" అన్నాను కిటికీ వైపు చూస్తూ.

"మీ అత్త ముప్పై ఐదేండ్లు నాకు తెలీదనుకునింది. రస్కు కొరికితే వాకిట్లోకి ఇనపడతాది గదమ్మా. ఆమె కంగారుపడి దాచుకుంటాంటే పొరపోయి ఒగసారి చావబోయింది. అప్పటి నుంచి వంటింట్లోకి వచ్చే ముందర దగ్గి వస్తా."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత కషాయం గుర్తొచ్చింది.

"మరి కషాయం ఎందుకు తాగినావు?"

"నువ్వు కష్టపడి చేసినావు గదా." ఖర్జూరం గింజ రుమాల్లోకి ఉమ్మి, "శానా ఘాటుమ్మా అది" అన్నాడు.

నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

నవంబర్ 30

లక్ష్మీపతి డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పారట. డెబ్బై నాలుగు. రెండు వందల పది కాదు, డెబ్బై నాలుగు. ముప్పై ఐదు కూడా కాదు. గడ్డ ఉన్నంతవరకూ కొంచెం ఎక్కువే ఉండొచ్చట. రెండో పరీక్ష మామూలుగా ఉంది. ఆ రోజు నెలసరి దాచానని నేనే ఆయనకు చెప్పాను. జమీల్ పక్కనే ఉన్నాడు, మామ కూడా ఉన్నాడు. చెప్పాను.

డాక్టర్ తల పట్టుకుని, "నేను మీ మామను బయటికి పంపించి అడిగుండాల్సిందిమ్మా" అన్నాడు.

బెంగుళూరులో గడ్డ వరకే తీస్తారు. తీస్తుండగానే ముక్క పరీక్షకు పంపుతారు. అది చెడ్డదని తేలితే అప్పుడే అన్నీ తీసేస్తారు. అంటే నేను నిద్రలో ఉండగా తేలిపోతుంది.

డిసెంబర్ 6

పండుగ. సేమియా చేశాను. పెద్దక్కకు పంపితే గిన్నె నిండా శనక్కాయలు పోసి తిరిగి పంపింది. జమీల్ కొత్త చీర తెచ్చాడు. రంగు బాగాలేదు, కట్టుకున్నాను.

డిసెంబర్ 18

రేపు.

డిసెంబర్ 21

కూర్చుని రాయగలుగుతున్నాను.

కళ్లు తెరిచేసరికి అంతా మసకగా ఉంది. గొంతు ఎండిపోయింది. ఉందా లేదా అని అడగాలనుకున్నాను, మాట రాలేదు. చేయి కడుపు మీదికి పోయింది, కట్టు తగిలింది. కట్టు కింద ఏముందో చేతికి ఎట్లా తెలుస్తుంది? మంచం పక్కన ఎవరో ముక్కు చీదుతున్నారు, అది జమీల్. అవతల వైపు నుంచి ఒక గొంతు, చెవి దగ్గరగా వచ్చి చెప్పింది.

"ఉండాదిమ్మా. ఉండాది."

డిసెంబర్ 30

ముక్కను పూర్తిగా పరీక్ష చేసిన రిపోర్టు కూడా వచ్చింది. క్యాన్సర్ కాదు. మంచి గడ్డ. ఇంతగా ఏడిపించిన దాన్ని మంచిది అని పిలవాలంటే నాకు ఇష్టం లేదు, కానీ డాక్టర్ల భాషలో అంతేనట.

పోయిన రోజాలు తిరిగి ఉండాలి. ఒళ్లు కుదుటపడ్డాక ఉంటాను.

నవంబర్ 3, 2003

పది నెలలుగా రాయలేదు. రాయాల్సినంత కష్టం రాలేదు.

మళ్లీ రంజాన్. నెలసరి ఎనిమిది రోజులు ఆలస్యమైంది. జమీల్‌కు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది రోజులూ లోలోపల పండుగ చేసుకున్నాను. ఈ రోజు తెల్లవారి వచ్చింది. స్నానాల గదిలో కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. నెలనెలా రావడానికి ఒక గర్భసంచి ఉంది, అది నాది. మళ్లీ నెల ఉంది.

మధ్యాహ్నం బాగా ఆకలేసింది. రస్కు కాదు, సంగటి ముద్ద చేసుకుని, పప్పు వేసుకుని వంటింట్లో కూర్చున్నాను. రెండో ముద్ద నోట్లో ఉండగా గడప అవతల మామ దగ్గాడు. పోయినేటి కన్నా గట్టిగా, రెండుసార్లు. నా చేయి అలవాటుగా పళ్లెం వైపు పోయింది, డబ్బా వెనక్కు తోయడానికి.

తోయలేదు.

"తింటాండా మామా" అన్నాను.

అవతల చెప్పులు వేసుకుంటున్న శబ్దం, తర్వాత వీధి వైపు పోతూ మామ గొంతు వినిపించాయి.

"నిదానంగా తినుమ్మా. పొరపోతాది."